స్లైడ్ ఫైల్ బరువు తగ్గించడానికి పవర్‌పాయింట్‌లో ఉన్నవే చాలు

శిక్షణ తరగతులకు నలుగురైదుగురు వక్తలు పంపే స్లైడ్లన్నిటినీ ఒకే ఫైలుగా కూర్చి సిద్ధం చేయడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. ఒక్కొక్కరి ఫైలు ఒక్కో తీరుగా వస్తుంది. ఒకరిది 3 ఎంబీ ఉంటే ఇంకొకరిది 140 ఎంబీ ఉంటుంది. స్లైడ్ల సంఖ్య చూస్తే రెండూ ఇంచుమించు సమానమే. అందుకే ఫైలు సైజు తగ్గించే టూల్స్‌తో నాకు ఎప్పుడూ పనే. డబ్బు కట్టేవి, ఉచితంగా దొరికేవి, బ్రౌజర్‌లోనే నడిచేవి వాడి చూశాక నా అభిప్రాయం ఇది: పవర్‌పాయింట్‌లో పని చేసేవాళ్లు బయటి టూల్ కోసం వెతకనక్కర్లేదు. అందులో ఉన్న ఆప్షన్లే చాలు. కాకపోతే అవన్నీ ఒకచోట లేవు, మూడు నాలుగు మెనూల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. ఏది ఎక్కడుందో, ఏది ఎంత పని చేస్తుందో చెబుదామనే ఈ రివ్యూ.

ఏ ఆప్షన్ నొక్కే ముందైనా నేను ఫైలు లోపలికి ఒకసారి తొంగి చూస్తాను. పవర్‌పాయింట్ సేవ్ చేసే పీపీటీఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ ఫైలు, అంటే చాలా ఫైళ్లను కుదించి ఒకటిగా కట్టిన మూట. ఆఫీస్ 2007తో ఈ పద్ధతి వచ్చింది. ఫైలుకు కాపీ తీసి, ఆ కాపీ పేరు చివరన ఉన్న పీపీటీఎక్స్‌ను జిప్ అని మార్చి తెరిస్తే లోపల ఫోల్డర్లు కనిపిస్తాయి. వాటిలో 'పీపీటీ' అనే ఫోల్డర్, దాని లోపల 'మీడియా' అనే ఫోల్డర్ ఉంటాయి. మీరు పెట్టిన ప్రతి బొమ్మ, ప్రతి వీడియో అక్కడే ఉంటుంది. సైజు ప్రకారం వరుసలో పెడితే అసలు బరువు ఎవరిదో అర నిమిషంలో తేలిపోతుంది.

ఇందాక చెప్పిన 140 ఎంబీ ఫైలునే తీసుకోండి. మీడియా ఫోల్డర్‌లో అన్నిటికంటే పైన ఒక వీడియో కూర్చుంది, సగానికి పైగా బరువు దానిదే. దాని కింద ఫోన్‌తో తీసిన ఫొటోలు, నేరుగా కెమెరా నుంచి తెచ్చి పెట్టినవి. ఆ కింద ఒకే ఒక్క పీఎన్‌జీ బొమ్మ, ఒక ఫొటోకు ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు. స్లైడ్ల మీది అక్షరాలన్నీ వేరే ఫోల్డర్‌లో ఎక్స్ఎంఎల్ ఫైళ్లుగా ఉన్నాయి, ఒక్కోటి కొన్ని కేబీలే. ఆ రోజు నా పక్కన కొత్తగా చేరిన అమ్మాయి కూర్చుని చూస్తోంది. "చివరి స్లైడ్లు కొన్ని తీసేయమంటారా సార్, ఫైలు తగ్గుతుంది కదా" అంది. "స్లైడ్లు తీస్తే వక్తగారు బాధపడతారు తప్ప సైజు తగ్గదమ్మా. ఆ వీడియో సంగతి చూడు" అన్నాను. ఫైలు పెద్దదైతే చాలామంది ముందు టెక్స్ట్ మీద పడతారు. అక్షరాల వల్ల ఫైలు బరువెక్కడం నేనెప్పుడూ చూడలేదు.

ఇక అసలు రివ్యూకి వస్తాను. నేను ఎక్కువగా వాడేది 'కంప్రెస్ పిక్చర్స్'. ఏదైనా ఒక బొమ్మ మీద క్లిక్ చేస్తే పైన 'పిక్చర్ ఫార్మాట్' ట్యాబ్ వస్తుంది. ఎడమవైపు చిన్న ఐకాన్‌తో ఉంటుంది ఇది. నొక్కితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో 'అప్లై ఓన్లీ టు దిస్ పిక్చర్' అనే దగ్గర ముందే టిక్ పెట్టి ఉంటుంది. మొత్తం ఫైలు తగ్గాలంటే ఆ టిక్ తీసేయాలి. లేకపోతే మీరు ఎంచుకున్న ఒక్క బొమ్మే తగ్గుతుంది, మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. "కంప్రెస్ చేశానండీ, ఏమీ తగ్గలేదు" అని నాకు ఫోన్ చేసినవాళ్లలో ఎక్కువమంది దగ్గర జరిగింది ఇదే. ఈ టూల్‌లో నాకు నచ్చని విషయం ఇదొక్కటే. ఎక్కువమంది దీన్ని తెరిచేది ఫైలంతా తగ్గించడానికే కాబట్టి, ఆ టిక్ లేకుండా వస్తే బాగుండేది.

అదే పెట్టెలో కింద రిజల్యూషన్ ఎంచుకోవాలి. 330 పీపీఐ (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో చెప్పే అంకె), 220, 150, 96 అని వరుసగా ఉంటాయి. ప్రింట్, వెబ్, ఈమెయిల్ అని పక్కన పేర్లు కూడా రాసి ఉంటాయి కానీ నేను ఆ పేర్లు పట్టించుకోను, లెక్క చూసుకుంటాను. వైడ్‌స్క్రీన్ స్లైడ్ వెడల్పు 13.33 అంగుళాలు. అంగుళానికి 150 పిక్సెళ్లంటే స్లైడంతా పరుచుకున్న ఫొటో 2000 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టర్ అడ్డంగా చూపించగలిగేది 1920 పిక్సెళ్లు. అంటే 150 పెట్టినా తెర మీద పిక్సెళ్లకు కొదవ ఉండదు. 96 పెడితే అదే ఫొటో 1280 పిక్సెళ్లకు దిగుతుంది, పెద్ద తెర మీద మెత్తబడినట్టు కనిపిస్తుంది. మెయిల్‌లో పంపి ఫోన్‌లో చూసుకునే కాపీకి 96 పర్వాలేదు. హాల్లో చూపించేదానికి మాత్రం 150 కిందికి నేను దిగను. 4కే తెర ఉన్న హాలైతే 220 దగ్గరే ఉంచుతాను. పవర్‌పాయింట్ కొన్ని వెర్షన్లలో డిఫాల్ట్‌గా ఉండేది కూడా అదే.

ఈ లెక్క బొమ్మ అసలు సైజును బట్టి కాదు, స్లైడ్ మీద అది ఎంత చోటులో ఉందో దాన్ని బట్టి పని చేస్తుంది. 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు ఉన్న ఫోన్ ఫొటోను స్లైడ్ మూల 4 అంగుళాల వెడల్పులో పెట్టారనుకోండి. 150 దగ్గర అది 600 బై 450 అవుతుంది. కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లు కాస్తా రెండు లక్షల డెబ్బై వేలకు వస్తాయి. బరువు అంతలా తగ్గడానికి కారణం అదే. అయితే రేపు వక్త వచ్చి "ఆ ఫొటో స్లైడంతా వచ్చేలా పెట్టండి" అంటే ఆ 600 పిక్సెళ్లనే సాగదీయాలి, మొహాలు మసకబారిపోతాయి. సేవ్ చేసి మూశాక పోయిన పిక్సెళ్లు వెనక్కి రావు. అందుకని అమరిక అంతా ఖాయమయ్యాకే కంప్రెస్ చేస్తాను. అసలు ఫైలును వేరే పేరుతో ఎప్పుడూ దాచే ఉంచుతాను.

కత్తిరించిన బొమ్మల గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇది సైజుకు మించిన సంగతి. పవర్‌పాయింట్‌లో క్రాప్ చేసిన భాగం ఎక్కడికీ పోదు, కంటికి కనిపించకుండా ఫైల్లోనే ఉంటుంది. ఫైలు అందుకున్నవాళ్లు బొమ్మను ఎంచుకుని క్రాప్ నొక్కితే దాచిన భాగమంతా బయటపడుతుంది. ఒకసారి ఒక స్లైడ్‌లో గ్రాఫ్ ఉన్న స్క్రీన్‌షాట్ వచ్చింది. చూడ్డానికి గ్రాఫ్ ఒక్కటే ఉంది. క్రాప్ నొక్కి చూస్తే గ్రాఫ్ పక్కనే ఉద్యోగుల పేర్లు, వాళ్లకు వచ్చిన మార్కులు వరుసగా ఉన్నాయి. ఆ ఫైలు హాజరైన వాళ్లందరికీ పంచాల్సింది. కంప్రెస్ పిక్చర్స్ పెట్టెలోనే 'డిలీట్ క్రాప్డ్ ఏరియాస్ ఆఫ్ పిక్చర్స్' అని ఉంటుంది. దానికి టిక్ ముందే పెట్టి ఉంటుంది, అలాగే ఉండనివ్వండి. ఇంకొకరికి వెళ్లే ప్రతి ఫైలుకూ, అది 2 ఎంబీ ఉన్నా సరే, నేను ఈ పని చేసే పంపుతాను.

దీనికి తోడుగా ఉన్న ఇంకో ఆప్షన్ చాలామంది కంట పడదు. ఫైల్ మెనూలో ఆప్షన్స్, అందులో అడ్వాన్స్‌డ్, కిందికి వస్తే 'ఇమేజ్ సైజ్ అండ్ క్వాలిటీ' అనే భాగం. అక్కడ 'డిస్కార్డ్ ఎడిటింగ్ డేటా' ఉంటుంది. మనం ఫొటోకు బ్యాక్‌గ్రౌండ్ తీసేసినా, ఆర్టిస్టిక్ ఎఫెక్ట్ వేసినా, 'రీసెట్' నొక్కితే మొదటి రూపం తిరిగి రావాలి కదా, అందుకోసం పాత బొమ్మను కూడా ఫైల్లోనే దాచి ఉంచుతుంది. జిప్ తెరిచినప్పుడు హెచ్‌డీఫొటో అనే పేరుతో, డబ్ల్యూడీపీ ఎక్స్‌టెన్షన్‌తో పెద్ద ఫైళ్లు కనిపిస్తే అవి ఇవే. ఇక ఆ బొమ్మల్ని మార్చేది లేదనుకుంటే టిక్ పెట్టి సేవ్ చేయండి. అక్కడే 'డు నాట్ కంప్రెస్ ఇమేజెస్ ఇన్ ఫైల్' అనేదానికి టిక్ ఉందేమో కూడా చూడండి. ఎవరో ఎప్పుడో పెట్టి వదిలేసిన ఆ ఒక్క టిక్ వల్ల సేవ్ చేసినప్పుడల్లా బొమ్మలు పూర్తి సైజులోనే ఉండిపోతాయి.

పీఎన్‌జీ ఫొటోల విషయంలో నేను ఏ బటన్‌నూ నమ్ముకోను. పీఎన్‌జీ నాణ్యత ఏమాత్రం పోకుండా దాచే ఫార్మాట్. స్క్రీన్‌షాట్లకు, లోగోలకు, గీతల బొమ్మలకు అదే సరైనది, అక్షరాల అంచులు శుభ్రంగా ఉంటాయి. మనుషులు, చెట్లు, భవనాలు ఉన్న ఫొటో పీఎన్‌జీలో ఉంటే మాత్రం జేపెగ్ కంటే చాలా రెట్లు బరువు తూగుతుంది. బ్రౌజర్‌లోంచో, ఇంకో ప్రోగ్రామ్‌లోంచో ఫొటోను కాపీ చేసి స్లైడ్ మీద పేస్ట్ చేస్తే చాలాసార్లు పీఎన్‌జీగానే వచ్చి చేరుతుంది. అలాంటి ఫొటోను జేపెగ్‌గా సేవ్ చేసుకుని, పేస్ట్ చేయకుండా ఇన్సర్ట్ మెనూ నుంచి మళ్లీ పెడతాను. స్క్రీన్‌షాట్లను జేపెగ్ చేయకండి, అక్షరాల చుట్టూ మురికి మురికిగా చుక్కలు వస్తాయి.

ఎక్సెల్ నుంచి తెచ్చిన చార్టులు ఇంకో రకం. చార్టును పేస్ట్ చేసేటప్పుడు 'ఎంబెడ్' అన్న ఐకాన్ నొక్కితే ఒక్క చార్టే రాదు, దాని వెనకున్న వర్క్‌బుక్ మొత్తం, అన్ని షీట్లతో సహా వచ్చి 'ఎంబెడింగ్స్' అనే ఫోల్డర్‌లో చేరుతుంది. ఒకే వర్క్‌బుక్‌లోంచి ఆరు చార్టులు తెస్తే ఆరు కాపీలు. చార్టు మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ డేటా నొక్కిన ఎవరికైనా ఆ షీట్లన్నీ కనిపిస్తాయి, జీతాల షీటు ఉంటే అది కూడా. పంచే కాపీలో చార్టును బొమ్మగా పేస్ట్ చేయడం అన్ని విధాలా మేలు. మార్పులు చేసుకునే అసలు ఫైల్లో మాత్రం చార్టును చార్టుగానే ఉంచుకోవాలి.

నలుగురి స్లైడ్లు కలిపే నాలాంటి వాళ్లకు అన్నిటికంటే తలనొప్పి స్లైడ్ మాస్టర్, అంటే స్లైడ్లన్నిటికీ ఉమ్మడి రూపం ఇచ్చే మూస. దాని కింద ఒక్కో రకం స్లైడ్‌కు ఒక్కో నమూనా ఉంటుంది, వాటినే లేఅవుట్లు అంటారు. ఇంకో ఫైల్లోంచి స్లైడ్ తెచ్చి 'కీప్ సోర్స్ ఫార్మాటింగ్' అంటే ఆ ఫైలు మాస్టర్, దాని లేఅవుట్లు మొత్తం వెంట వచ్చేస్తాయి. వాటిలో స్లైడంతా పరుచుకునే బ్యాక్‌గ్రౌండ్ ఫొటోలుంటే అవీ వస్తాయి. ఒక్క స్లైడ్ కోసం పది లేఅవుట్లు మోస్తాం. వ్యూ మెనూలో స్లైడ్ మాస్టర్ తెరిచి ఒక్కో లేఅవుట్ మీద మౌస్ ఉంచితే దాన్ని ఏ స్లైడ్లు వాడుతున్నాయో, లేక ఏదీ వాడటం లేదో చూపిస్తుంది. వాడనివి తీసేయండి. వాడుకలో ఉన్న లేఅవుట్‌కు డిలీట్ ఆప్షన్ పని చేయదు కాబట్టి పొరపాటున అవసరమైనది పోతుందన్న భయం అక్కర్లేదు. ఈ రక్షణ నాకు చాలా నచ్చింది.

వీడియోలకు 'కంప్రెస్ మీడియా' ఉంది, విండోస్ పవర్‌పాయింట్‌లో ఫైల్ మెనూ కింద ఇన్ఫోలో. 1080పీ, 720పీ, 480పీ అని మూడు ఎంపికలు. నేను ఎక్కువగా 720పీ వాడతాను. మాట్లాడే మనిషి, యంత్రం పని చేసే తీరు లాంటి వీడియోలకు అది సరిపోతుంది. తెర మీద చిన్న అక్షరాలు చదవాల్సిన డెమో అయితే 1080పీ దగ్గరే ఆపుతాను. కాస్త సమయం తీసుకుంటుంది, పూర్తయ్యాక ఎంత తగ్గిందో చూపిస్తుంది. నచ్చకపోతే అన్‌డూ కూడా అక్కడే ఉంది. ట్రిమ్ చేసి పక్కన పెట్టిన భాగాలు కూడా దీంతోనే ఫైల్లోంచి నిజంగా పోతాయి. పది నిమిషాల వీడియోలో ఒక్క నిమిషమే చూపించేవాళ్లకు లాభమంతా ఇక్కడే. జాగ్రత్తపడాల్సింది ఒకటి: వీడియోలో ఎంబెడ్ చేసిన సబ్‌టైటిల్స్, అదనపు ఆడియో ట్రాకులు కంప్రెషన్‌లో పోతాయి. వినికిడి సమస్య ఉన్నవాళ్లు హాజరయ్యే తరగతికి సబ్‌టైటిల్స్ ఉన్న వీడియోను నేను దీని దగ్గరికి రానివ్వను. ముందే బయట తగ్గించి, సబ్‌టైటిల్స్ ఉన్నాయని చూసుకున్నాకే పెడతాను.

లిబ్రేఆఫీస్ ఇంప్రెస్‌లో స్లైడ్లు చేసేవాళ్ల గురించి చెప్పకపోతే అన్యాయం. టూల్స్ మెనూలో 'మినిమైజ్ ప్రెజెంటేషన్' అని ఉంది. ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇంత చక్కటి అమరిక చూసి నాకు ముచ్చటేసింది. పవర్‌పాయింట్‌లో నాలుగు చోట్ల తిరిగి చేసే పనులు ఇక్కడ ఒకే చోట ఉన్నాయి: వాడని మాస్టర్లు తీసేయడం, దాచిన స్లైడ్లు తీసేయడం, బొమ్మల రిజల్యూషన్ తగ్గించడం, జేపెగ్ నాణ్యత శాతం ఎంచుకోవడం, క్రాప్ చేసిన భాగాలు తీసేయడం, ఎంబెడ్ చేసిన వస్తువులను మామూలు బొమ్మలుగా మార్చడం. అసలు ఫైలును ముట్టుకోకుండా కొత్త కాపీ మీద చేయమని కూడా చెప్పొచ్చు. నోట్స్ తీసేసే ఆప్షన్ మాత్రం చూసుకుని వాడండి, వక్త చదువుకోవడానికి రాసుకున్నదంతా అందులోనే ఉంటుంది. అయితే పవర్‌పాయింట్‌లో చేసిన ఫైలును తగ్గించడం కోసమే ఇంప్రెస్‌లో తెరిచి సేవ్ చేయమని నేను చెప్పను. ఫాంట్లు, యానిమేషన్లు, అమరిక అటూ ఇటూ అయ్యే అవకాశం ఉంది, వాటిని సరిచేయడానికి పట్టే టైమ్ మనకు మిగలదు. మ్యాక్‌లో కీనోట్ వాడేవాళ్లకు ఫైల్ మెనూలోనే 'రెడ్యూస్ ఫైల్ సైజ్' ఉంది.

ఇక ఆన్‌లైన్‌లో ఫైలు అప్‌లోడ్ చేస్తే తగ్గించి ఇచ్చే సర్వీసులు. నేను వాడిన ఒకదాని పేరు ఇక్కడ అనవసరం. ఉచిత ఖాతాలో పెద్ద ఫైలు తీసుకోదు, అంటే ఎవరికి నిజంగా అవసరమో వాళ్లే డబ్బు కట్టాలి. ఎంత నాణ్యతకు తగ్గిస్తోందో చెప్పదు. స్క్రీన్‌షాట్లలోని అక్షరాలను, ఫొటోలను ఒకే గాటన కట్టి నలిపేసింది, పట్టికల్లోని అంకెలు చదవడానికి కళ్లు చిట్లించాల్సి వచ్చింది. ఇవన్నీ ఒక ఎత్తయితే, సంస్థ లోపలి లెక్కలున్న ఫైలును ఎవరిదో సర్వర్‌కు పంపడం ఇంకో ఎత్తు. ఎన్ని గంటల్లో డిలీట్ చేస్తామని రాసినా, మన కంప్యూటర్‌లోనే అయ్యే పనికి అంత రిస్క్ ఎందుకు? డబ్బు కట్టడం ఆపేశాను.

ఫైలును మళ్లీ జిప్ చేసి పంపమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. లోపలున్న జేపెగ్‌లు, వీడియోలు ముందే కుదించి ఉన్నవి, పైగా పీపీటీఎక్సే ఒక జిప్. తగ్గేది ఏమీ ఉండదు, అందుకునే వాళ్లకు ఒక క్లిక్ పెరుగుతుంది. స్లైడ్లు చదువుకోవడానికి మాత్రమే అడిగితే పీడీఎఫ్ పంపుతాను. యానిమేషన్లు, వీడియోలు అందులో ఉండవు, కానీ ఏ ఫోన్‌లోనైనా తెరుచుకుంటుంది, ఫాంట్ల టెన్షన్ ఉండదు.

మెయిల్‌లో పంపేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోండి. అటాచ్‌మెంట్ వెళ్లేటప్పుడు బేస్64 అనే పద్ధతిలో అక్షరాలుగా మారుతుంది, దాంతో సైజు సుమారు మూడో వంతు పెరుగుతుంది. 25 ఎంబీ పరిమితి ఉన్న మెయిల్‌లో 20 ఎంబీ ఫైలు కూడా ఆగిపోయే వీలుంది, ఎందుకంటే దారిలో అది దాదాపు 27 అవుతుంది. అందుకే మెయిల్‌కు వెళ్లే ఫైలును 18 ఎంబీ లోపు తెచ్చాకే పంపుతాను. ఆ 140 ఎంబీ ఫైలులో వీడియోకు 720పీ, బొమ్మలకు 150 పీపీఐ పెట్టి, పీఎన్‌జీ ఫొటోను జేపెగ్ చేసి, వాడని లేఅవుట్లు తీసేస్తే 16 ఎంబీకి వచ్చింది. వక్తగారికి తిరిగి పంపితే తెరిచి చూసుకుని, స్లైడ్లన్నీ ఉన్నాయి, వీడియో ఆడుతోంది, ఇదే ఖాయం చేయండి అని జవాబిచ్చారు.